సరుకు ‘చేరింది’ అని ఎప్పుడు రాయాలి?

మీ ప్రశ్నను నా మాటల్లో చెబితే ఇదీ: పన్నెండేళ్లు పత్రికల్లో పనిచేశారు, తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థలో మీడియా వ్యవహారాలు చూశారు. ఇప్పుడు యునిసెఫ్ సప్లై డివిజన్ లాంటి చోట కమ్యూనికేషన్స్ విభాగాన్ని నడిపే పోస్టుకు అప్లై చేద్దామనుకుంటున్నారు. టీకాలు, మందులు, టార్పాలిన్లు కొని పంపే ఆఫీసుకు కమ్యూనికేషన్స్ మనిషి దేనికి, రోజూ అట్టపెట్టెల ఫొటోలు పెట్టుకుంటూ కూర్చోవడమేనా, పత్రికా అనుభవం అక్కడ పనికొస్తుందా అని అడిగారు.

నేను పిల్లల కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థల సరఫరా విభాగాల్లో పదహారేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది క్రియాపదాల ఉద్యోగం. ఆర్డర్ పెట్టారు, తయారైంది, బయల్దేరింది, దిగింది, కస్టమ్స్ దాటింది, జిల్లా స్టోరుకు వెళ్లింది, ఆరోగ్య కేంద్రానికి చేరింది, బిడ్డకు అందింది. ఈ ఎనిమిది మాటల మధ్య ఒక్కోసారి ఎనిమిది నెలలు గడిచిపోతాయి. విలేకరులు, దాతలు, మంత్రులు, చివరికి మన సంస్థలోనే నిధులు సేకరించేవాళ్లు కూడా మొదటి మాట దగ్గరే ఎనిమిదో మాట రాసేయమంటారు. అలా రాయకుండా ఆగాలి, అయినా ఆ రోజు చెప్పాల్సినదాన్ని చదివించేలా చెప్పాలి. జీతం ఇచ్చేది అందుకే.

నేను ఇది తప్పు చేసి నేర్చుకున్నాను. పనిలో చేరిన కొత్తలో ఒక దేశంలో తట్టు వ్యాపించింది. టీకాల విమానం దిగిందని రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది. ‘పిల్లలకు టీకాలు చేరాయి’ అని హెడ్డింగ్ పెట్టి నోట్ పంపేసి, హాయిగా పడుకున్నాను. తెల్లారేసరికి అక్కడి రేడియోల్లో అదే వార్త. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఆరోగ్య కేంద్రాలకు నడిచి వెళ్లారు. అక్కడ సీసా కూడా లేదు. సరుకు విమానాశ్రయం కోల్డ్ రూమ్‌లోనే ఉంది, సుంకం మినహాయింపు కాగితం మీద ఒక సంతకం పడాలి. ఆ సంతకానికి తొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో ఒక రోజు మా స్థానిక సహోద్యోగి ఫోన్ తీసుకుని ఒక నర్సు నాతో మాట్లాడింది. “మీరు రాసినదానికి ఇక్కడ నేను తిట్లు తింటున్నాను” అంది. ఆవిడకు ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. ఆ రోజు నుంచి ‘చేరింది’ అన్న మాట కనబడితే చాలు, ఎక్కడికి చేరింది, ఎవరి చేతికి అని అడగకుండా ఏ కాగితమూ వదల్లేదు.

2021 ఫిబ్రవరి 24 గుర్తు చేసుకోండి. పేద దేశాలకు కోవిడ్ టీకాలు అందించడానికి పెట్టుకున్న అంతర్జాతీయ ఏర్పాటు కోవాక్స్ తొలి విమానం ఘనా రాజధాని ఆక్రాలో దిగింది. అందులో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన 6 లక్షల కోవిడ్ టీకా డోసులు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. అప్పటి దేశాధ్యక్షుడు నానా అకుఫో-అడ్డో మార్చి 1న టీకా వేయించుకున్నారు. దిగడం ఒక వార్త, వేయడం ఇంకో వార్త. మొదటి రోజే ‘ఘనా ప్రజలకు టీకా అందింది’ అని రాసేస్తే, నిజంగా అందిన రోజున చెప్పడానికి ఏమీ మిగలదు. పత్రికలో పనిచేసినవాళ్లకు ఈ లెక్క త్వరగా అర్థమవుతుంది. మీ పాత అనుభవం మొదట పనికొచ్చేది ఇక్కడే.

ఈ రంగంలో ‘72 గంటలు’ అన్న మాట కూడా తరచూ వింటారు, అత్యవసర సరుకు అంతలోపు పంపగలమని. అది విన్నప్పుడల్లా గడియారం ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఆగింది అని లాజిస్టిక్స్ వాళ్లను అడగండి. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు రాజధాని రేవు దెబ్బతింది, విమానాశ్రయానికి ఉన్నది ఒకే రన్‌వే. సరుకులో చాలా భాగం పక్క దేశం డొమినికన్ రిపబ్లిక్ నుంచి రోడ్డు మీద రావాల్సి వచ్చింది. గోదాములో ఎంత చురుగ్గా ఉన్నా రన్‌వే దగ్గర వరస వరసే. ఇలాంటప్పుడు ‘పంపాం’ అన్నదాంట్లో గొప్పేమీ లేదు. ఆ రోడ్డు ఎలా ఉంది, రోజుకు ఎన్ని లారీలు దాటుతున్నాయి అన్నదే చెప్పాల్సిన విషయం.

ఇక పెట్టెల సంగతి. యునిసెఫ్ సప్లై డివిజన్ ఉన్నది డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో. రేవు ప్రాంతమైన నార్డ్‌హావ్న్‌లో సుమారు 20,000 చదరపు మీటర్ల గోదాము ఉంది, మానవతా సహాయ గోదాముల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదంటారు. ఎత్తైన అరల మధ్య రోబో క్రేన్లు తిరుగుతుంటాయి. చూడ్డానికి భలే ఉంటుంది. టీవీ వాళ్లకు ఆ క్రేన్లంటే ప్రాణం. (‘ఇన్ని ఫుట్‌బాల్ మైదానాలంత’ అన్న పోలిక మీద మాత్రం నాకు వ్యక్తిగత కక్ష ఉంది. దయచేసి మీ హయాంలో దాన్ని ఆపండి.) వచ్చిన ప్రతి టీమూ అడిగే మొదటి ప్రశ్న “టీకాలెక్కడ?” అక్కడ ఉండవు. టీకాలు తయారీదారు దగ్గర నుంచి నేరుగా ఆయా దేశాలకు విమానంలో వెళ్తాయి. ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 45 శాతం మందికి యునిసెఫ్ టీకాలు కొంటుంది, ఏటా 200 కోట్ల డోసులకు పైగా. అంత పెద్ద పని కెమెరాకు దొరకదు. అది కాంట్రాక్టుల్లో, ఎక్సెల్ షీట్లలో, అర్ధరాత్రి విమానం బుక్ చేసే ఒక మనిషి ఫోన్‌లో జరుగుతుంది. గోదాము దృశ్యం బాగుందని దాన్నే చూపిస్తూ పోతే, జనం సప్లై అంటే గోదామే అనుకుంటారు. నేను కెమెరా టీమ్‌ను క్రేన్ల దగ్గర పది నిమిషాలు ఉంచి, మిగతా గంట టీకాలు కొనే ఆఫీసర్ పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. సగం మంది విసుక్కునేవాళ్లు. మిగతా సగం మంది మంచి కథలు రాశారు.

అలాగని పెట్టెను తక్కువ చేయకండి. కొన్ని పెట్టెలే కథ. ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అనే అల్యూమినియం పెట్టెలో 40 మంది పిల్లలకు సరిపడా పుస్తకాలు, పెన్సిళ్లు, టీచర్‌కు కావాల్సిన సామాను ఉంటాయి. దాని మూతకు నల్లరంగు పూస్తే అదే బ్లాక్‌బోర్డు, అందుకు రంగూ లోపలే పెడతారు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకిచ్చే వేరుశెనగ పేస్టు సంగతి చూడండి. 92 గ్రాముల ప్యాకెట్, 500 కేలరీలు, నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు. ఒక అట్టపెట్టెలో 150 ప్యాకెట్లు. ఆరు నుంచి ఎనిమిది వారాల చికిత్సకు ఒక బిడ్డకు దాదాపు ఆ ఒక్క పెట్టె సరిపోతుంది. ఈ సంగతి తెలిశాక లారీలో 1,000 పెట్టెలు చూస్తే పెట్టెలు కనిపించవు. ఇలాంటి లెక్క ఒక్కటి దొరికితే పది విశేషణాలు కొట్టేయొచ్చు.

టీకా సీసా మీద ఉండే చిన్న గుర్తు ఇంకో ఉదాహరణ. గుండ్రటి మచ్చ, దాని లోపల తెల్లటి చదరం. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. చుట్టూ ఉన్న రంగుతో సమానమైందంటే ఆ సీసా పారేయాలి. 1996లో పోలియో చుక్కల సీసాల మీద మొదలైంది. చదువు రాని మనిషికి కూడా చూడగానే తెలిసిపోతుంది. అయితే విలేకరులందరూ ‘ఎండకు టీకాలు చెడిపోతాయి’ అనే రాస్తారు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా), హెపటైటిస్-బి, గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ లాంటి టీకాలు గడ్డకడితే కూడా పాడవుతాయి, సీసా మీద గుర్తు ఆ సంగతి చెప్పదు. అందుకే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలంటారు. కింది అంకె కూడా పై అంకె అంత ముఖ్యం. ఇలాంటివి మీరే ముందు నేర్చుకోవాలి. ప్రెస్ నోట్‌లో టెక్నికల్ తప్పు దొర్లితే, టీకాలను దారి పొడుగునా చల్లగా ఉంచే ఏర్పాట్లు (కోల్డ్ చైన్) చూసే ఇంజనీరు మీతో మళ్లీ మాట్లాడడు, అతను మాట్లాడకపోతే మీ పని సగం ఆగిపోతుంది.

చప్పగా ఉండే సరుకులో కథ వెతకడం ఎలాగో 2020లో చూశాం. కోవిడ్ టీకా ఇంకా రాలేదు, ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుతోంది. ఆ అక్టోబర్‌లో యునిసెఫ్ సంవత్సరాంతానికి 52 కోట్ల సిరంజిలు గోదాముల్లో సిద్ధంగా పెడతామని ప్రకటించింది. సిరంజి గురించి ఎవరు చదువుతారు? కానీ కారణం వివరించగానే చదివారు. సిరంజిలు చాలా జాగా తీసుకుంటాయి, విమానంలో పంపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది, ఓడలో పంపాలంటే నెలల ముందే బయల్దేరాలి. టీకా వచ్చి సిరంజి రాకపోతే టీకా వచ్చి ఏం లాభం? నాకు తెలిసి సరఫరా గురించి జనానికి బాగా అర్థమైన ప్రకటనల్లో అదొకటి. అందులో గొప్పలు లేవు, ముందుచూపు ఉంది.

అసలు పరీక్ష చెడ్డ వార్త వచ్చినప్పుడు. 2021 మార్చి చివర్లో మలావీకి ఆఫ్రికన్ యూనియన్ ద్వారా 1,02,000 కోవిడ్ డోసులు అందాయి. ఏప్రిల్ 13కే వాటి గడువు ముగిసింది, చేతిలో ఉన్నది మూడు వారాల లోపే. చాలావరకు వాడారు, 19,610 డోసులు మిగిలాయి. మే నెలలో ఆ దేశ ఆరోగ్య శాఖ వాటిని కెమెరాల ముందే తగలబెట్టింది. గడువు తీరిన టీకాలు వేస్తున్నారన్న పుకారుతో జనం రావడం మానేశారు, ఆ అనుమానం పోవాలంటే కళ్లముందే కాల్చాలని వాళ్ల వాదన. బయట చాలామంది విమర్శించారు, టీకాల కరువు కాలంలో మంట పెట్టడమేమిటని. నేను మాత్రం మలావీ పక్షమే. దాచిపెట్టి కాల్చి ఉంటే ఆరు నెలల తర్వాత ఎవరో ఒక ఫొటోతో బయటపెట్టేవాళ్లు, అప్పుడు ఒక్క టీకాను కూడా నమ్మేవాళ్లు కాదు.

మరి మూడు వారాల గడువుతో పంపినవాళ్ల సంగతి? అది చెప్పడమే కష్టం, ఎందుకంటే వాళ్లు సాధారణంగా మన దాతలే అయివుంటారు. 2022 జనవరిలో యునిసెఫ్ సప్లై డివిజన్ అప్పటి డైరెక్టర్ ఎత్లేవా కదీలి యూరోపియన్ పార్లమెంటు సభ్యులకు, అంతకు ముందు డిసెంబర్ ఒక్క నెలలోనే పేద దేశాలు 10 కోట్లకు పైగా డోసులు వద్దన్నాయనీ, ముఖ్య కారణం గడువు తక్కువ ఉండటమేననీ చెప్పారు. ఎవరినీ తిట్టలేదు. అంకె, కారణం, అంతే. పైగా ఎక్కువ టీకాలు దానం చేస్తున్న దేశాల ప్రతినిధుల ముందే. ఇలాంటి అంకెను బయటపెట్టమని మీ డైరెక్టర్‌కు సలహా ఇచ్చే ధైర్యం, ఎక్కడ ఎప్పుడు చెప్పాలో తెలిసిన ఒడుపు, ఈ రెండూ ఈ పోస్టుకు కావాలి. దాతకు ముందురోజు ఫోన్ చేసి “రేపు ఈ అంకె చెప్పబోతున్నాం” అనండి. నచ్చదు, కానీ పేపర్లో చూసి తెలుసుకుంటే ఇంకా నచ్చదు.

పుకార్ల గురించి ఒక్కటే చెబుతాను. 2003లో ఉత్తర నైజీరియాలోని కానో రాష్ట్రంలో పోలియో చుక్కల్లో పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారన్న ప్రచారం లేచి, అక్కడి నాయకులు కార్యక్రమాన్ని ఆపేశారు. 1996లో అదే కానోలో ఒక మందుల కంపెనీ పిల్లల మీద చేసిన మెనింజైటిస్ మందు ప్రయోగం మీద జనానికి అప్పటికే కోపం ఉంది, కాబట్టి అనుమానం గాల్లోంచి పుట్టలేదు. పోలియో అక్కడి నుంచి ఇతర దేశాలకు పాకింది. 2004లో చుక్కలు వేయడం మళ్లీ మొదలవడానికి దారి చూపినవాటిలో ఒకటి, ముస్లింలు అధికంగా ఉన్న ఇండోనేషియాలో తయారైన టీకాను తెప్పించడం. చూడండి, ఏ ఫ్యాక్టరీ సరుకు అన్నది కొనుగోలు విభాగానికి ధర, నాణ్యత, గడువుల ప్రశ్న. ఊళ్లో అది నమ్మకం ప్రశ్న. కాబట్టి ఏ దేశానికి ఏ తయారీదారు సరుకు వెళ్తోందో బయల్దేరకముందే మీకు తెలియాలి, ఆ దేశపు సహోద్యోగిని “దీని మీద ఏమైనా మాటొస్తుందా?” అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న కోసం వారానికి ఒక మీటింగ్ పెట్టుకున్నా దండగ కాదు.

టెండర్ల విషయంలో నోరు కట్టేసుకోవాలి. కాంట్రాక్టు ఖరారయ్యే దాకా ఏ కంపెనీ పేరూ, ఏ అంచనా ధరా మీ నోట రాకూడదు. మీరు మామూలుగా పెట్టిన ఫొటోలో ఒక బ్రాండు పెట్టె స్పష్టంగా కనబడితే చాలు, ఆ కంపెనీ దాన్ని ప్రకటనలో వాడుకుంటుంది, పోటీ కంపెనీ ఫిర్యాదు చేస్తుంది. కాంట్రాక్టు అయ్యాక మాత్రం తలుపులు తెరవాలన్నది నా పక్షం. 2011 నుంచి యునిసెఫ్ ఏ తయారీదారుకు టీకాకు ఎంత చెల్లిస్తోందో బయటపెడుతోంది. కొందరు తయారీదారులకు అది మింగుడుపడలేదు. కానీ 2016లో, ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా డోసు సగటున 84 సెంట్లకే దొరకబోతోందని, అంటే అప్పటి ధరలో సగానికని ప్రకటించినప్పుడు, ఆ అంకెను ఎవరూ అనుమానించలేదు. అంతకు ముందు ఐదేళ్లుగా ధరలు అందరి కళ్లెదుటే ఉన్నాయి కదా.

ఆఫీసు రాజకీయాల గురించి అడగలేదు గానీ చెబుతాను. ఏ దేశంలో సరుకు దిగిందో ఆ దేశపు ఆఫీసే ముందు మాట్లాడాలి. ప్రధాన కార్యాలయం తొందరపడి ముందే ప్రకటిస్తే అక్కడి ఆరోగ్య మంత్రికి కోపం వస్తుంది, ఆ కోపం మరుసటి విమానం క్లియరెన్స్ మీద పడుతుంది. నాలుగైదు సంస్థలు కలిసి ఇచ్చే ఉమ్మడి ప్రెస్ నోట్ అయితే వేరే నరకం. ప్రతివాళ్లూ ఒక వాక్యం చేరుస్తారు, ఎవరూ ఒక్కటీ తీసేయరు. మొదటి పేరాను మాత్రం వదలకండి, మిగతాది వాళ్లకిచ్చేయండి. ఎలాగూ ఎవరూ చదవరు. లారీల మీద లోగో ఎంత పెద్దగా ఉండాలన్న గొడవ కూడా వస్తుంది. ఘర్షణ ఉన్న చోట డ్రైవర్ వద్దంటే లోగో తీసేయాల్సిందే, దాత ఎంత పెద్దవారైనా సరే.

ఫొటోల విషయంలో నేను మొండివాణ్ణి. చిక్కి శల్యమైన బిడ్డ ముఖం క్లోజప్ పెడితే డబ్బు వస్తుంది, కాదనను. ఆ బిడ్డ బతికి, పెద్దయి, ఒకరోజు తన ఫొటో తానే వెతుక్కుంటుందన్నది కూడా నిజం. తల్లికి అర్థమయ్యే భాషలో, ఈ ఫొటో ఎక్కడెక్కడికి వెళ్తుందో చెప్పి అనుమతి తీసుకోవాలి. సంతకం పెట్టించుకున్నంత మాత్రాన సరిపోదు. కాదన్నా బిడ్డకిచ్చే పేస్టు ప్యాకెట్లు ఆగవని ఆ తల్లికి ముందే చెప్పాలి, లేకపోతే అది అనుమతి కానే కాదు. నా టీమ్‌కు ఒక దారి చూపించాను: పోషకాహార లోపాన్ని కొలిచే చేతి చుట్టుకొలత టేపును ఫొటో తీయండి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల జబ్బకు చుడతారు. 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, అంటే ప్రాణాపాయం. ఎర్రగీత, దాని పక్కన నర్సు వేళ్లు. ముఖం అక్కర్లేదు. ఆ ఫొటో చూసి మాట పడిపోయినవాళ్లను చూశాను.

ఇంకొకటి. ప్రతి విపత్తుకూ “మా దగ్గర పాత బట్టలున్నాయి, పంపుతాం” అంటూ వందల మెయిళ్లు వస్తాయి. మర్యాదగా వద్దనే జవాబు మొదటి రోజే రాసి పెట్టుకోండి. అడగని సరుకు రేవులో మందుల కంటైనర్‌కు అడ్డం పడుతుంది.

మీ చివరి సందేహానికి వస్తాను. పత్రికా అనుభవం సరిపోతుందా అంటే, రాయడం వరకు ఎక్కువే. లేనిది సరుకు జ్ఞానం, అది మూడు నెలల్లో వస్తుంది, మీరు కమ్యూనికేషన్స్ గదిలో కూర్చోకుండా ఉంటే. నేనైతే మొదటి నెల కొనుగోలు ఆఫీసర్ల పక్కన, రెండో నెల షిప్పింగ్, కస్టమ్స్ కాగితాలు చూసేవాళ్ల దగ్గర, మూడో నెల ఏదైనా ఒక దేశంలో జిల్లా స్టోర్‌కీపర్ వెంట గడుపుతాను. స్టోర్‌కీపర్‌కు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏది ఎక్కువ వచ్చింది, ఏది అయిపోయి ఎన్ని వారాలైంది, ఫ్రిజ్ ఎప్పుడు ఆగింది, అన్నీ ఆయన రిజిస్టర్‌లో ఉంటాయి. ఏటా మీరు తెచ్చే నివేదికలో కనీసం ఒక పేజీ ఆ రిజిస్టర్ నుంచి రావాలి.

సెలెక్షన్‌లో సాధారణంగా ఒక రాత పరీక్ష, తర్వాత ‘ఇలాంటి పరిస్థితిలో మీరేం చేశారో చెప్పండి’ అనే తరహా ఇంటర్వ్యూ ఉంటాయి. రాత పరీక్షలో తరచూ సగం సమాచారమే ఇచ్చి ప్రెస్ నోట్ రాయమంటారు. ఖాళీలను ఊహించి నింపకండి. “ఈ అంకె నిర్ధారించుకోవాలి, ఫలానా వారిని అడుగుతాను” అని పక్కన రాయండి. నేను బోర్డులో కూర్చున్నప్పుడు మొదట వెతికేది అదే. ఇక జత చేయమన్న రచనల్లో మీకు అవార్డు తెచ్చిన కథనం పెట్టాలనుకుంటున్నానన్నారు. దాన్ని రెండోదిగా పెట్టండి. మీరు రాసిన వార్తలో తప్పు దొర్లి, మర్నాడు మీరే సవరణ వేయించిన సందర్భం ఏదైనా ఉంటే ఆ రెండు క్లిప్పింగులూ కలిపి ముందు పెట్టండి.